షుగర్ చూసే చోటే ఈ ప్రశ్న కూడా అడిగించండి సార్

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది విశాఖపట్నం, గాజువాక. వెల్డింగ్ పని, వయసు 47. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంది కాబట్టి పేరు రాయట్లేదు, విషయం మాత్రం దాచట్లేదు.

మూడేళ్ళ కిందట నాకు అంగస్తంభన సమస్య మొదలైంది. ఎవరికి చెప్పుకోవాలో తెలీక, గోడ మీద పోస్టర్ చూసి ఒక లాడ్జిలో కూర్చునే ఆయన దగ్గరికెళ్ళాను, నరాల బలహీనత అన్నాడు, కుర్రతనంలో చేసిన తప్పులన్నాడు, లేహ్యం, పొడి అని 18 వేలు లాగేశాడు, బీపీ చూళ్ళేదు షుగర్ చూళ్ళేదు. ఏడాది తర్వాత కాలి పుండు మానట్లేదని పెద్దాసుపత్రికెళ్తే షుగర్ 380 ఉంది.

అక్కడ డాక్టరమ్మ గారే అడిగారు, భార్యాభర్తల మధ్య ఇబ్బందేమన్నా ఉందా అని. అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు సార్. అంగంలోని రక్తనాళాలు 1, 2 మిల్లీమీటర్లే, గుండెవి 3, 4 ఉంటాయి, అందుకే పూడిక పట్టడం మొదలైతే ముందు బయటపడేది అక్కడేనట, చాలామందికి గుండె జబ్బు కంటే కొన్నేళ్ళ ముందే. షుగరు, బీపీ, సిగరెట్టు, మందు, టెన్షను, కొన్ని రకాల బీపీ మాత్రలు, ఇన్ని కారణాలున్నాయి. నాకు బీడీ మాన్పించి, షుగర్ అదుపులోకి తెచ్చి, స్తంభనకి వాడే సిల్డెనాఫిల్ మాత్ర రాశారు, ఇప్పుడు బాగున్నాను. మాత్ర పనిచెయ్యకపోతే పంపు, ఇంజెక్షను, ఆపరేషను కూడా ఉన్నాయన్నారు. కానీ గుండె నొప్పికి నాలిక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు ఈ సిల్డెనాఫిల్ వేసుకుంటే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు, అలాంటి మాత్రని చీటీ లేకుండా అడిగినోళ్ళకల్లా ఇచ్చేస్తుంటే భయమేస్తోంది.

30 దాటినవాళ్ళకి మీ హెల్త్ సెంటర్లలో షుగరు, బీపీ చూస్తున్నారు కదా, మగవాళ్ళని ఈ ఒక్క మాట కూడా అడిగించండి, నలుగురి ముందు కాదు, తలుపు వేసిన గదిలో. ఇలాంటి వైద్యం ప్రకటనలు వెయ్యకూడదని 1954 నుంచీ చట్టముంది, మా జంక్షన్ గోడల నిండా అవే పోస్టర్లు, వాటిని పీకించి అంటించినోళ్ళ మీద కేసు పెట్టించండి.

నాకు తగ్గిందని తెలిసి మా సైట్లో ముగ్గురు చాటుగా అడిగారు సార్, ఎక్కడికెళ్ళావని. వాళ్ళకి ఫలానా గదికెళ్ళండని చెప్పేలా మా హెల్త్ సెంటర్లోనే ఒక గది ఇప్పించండి.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక వెల్డర్