సినిమా ఒకచోట, సిరీస్ ఇంకోచోట

ఎడిటర్ గారికి,

అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, సినిమాల పిచ్చి మా ఇంట్లోకీ వచ్చేసింది. మా అన్నయ్య కూతురు డీమన్ స్లేయర్ అనే అనిమే సిరీస్ మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు చూసి, ఏ సైట్ అని చెప్పనుగానీ, ఒక ఆన్‌లైన్ అనిమే డేటాబేస్‌లో తర్వాత ఏముందా అని వెతికితే నేరుగా రెండో సీజన్ చూపించింది. మధ్యలో 2020లో వచ్చిన ముగెన్ ట్రైన్ సినిమా ఉంది కదా, దానికి లింకే లేదు! పిల్ల అది చూడకుండా ముందుకెళ్లి, "బాబాయ్, రెంగోకు ఎప్పుడు చనిపోయాడు?" అని నన్నడిగింది. ఆ పాత్ర చనిపోయేది ఆ సినిమాలోనే మరి!

పైగా అదే సినిమాను 2021లో ఏడు ఎపిసోడ్లుగా టీవీలో వేశారు, మొదటిది మాత్రం కొత్తది, మిగతా ఆరూ సినిమాలోవే. ఇలాంటప్పుడు సినిమా పేజీలో "దీని టీవీ రూపం ఇదిగో" అనీ, సీజన్ పేజీలో "ముందు ఇది చూడండి" అనీ రెండు వైపులా లింక్ పెట్టాలి. ఒకవైపే పెడితే అటునుంచి వచ్చినవాడికి ఏం తెలుస్తుంది?

ఈ సిరీస్ సినిమాలు తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకూ వస్తున్నాయి. మీ సినిమా పేజీలో అలాంటి వార్త వేసినప్పుడు, ఏ సీజన్ తర్వాత చూడాలో ఒక్క లైను కలపండి.

– ఒక పాఠకుడు, వరంగల్