డ్రా అంటే ఆట జరగనట్టేనా?

సంపాదకుడు గారికి,

2024 ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్ ఆరో ఆట మీద సోమవారం మీ ఆటల పేజీలో వేసిన నాలుగు ముక్కలు చదివినప్పటి నుంచీ మనసు మండుతూనే ఉంది. ‘పేలవమైన డ్రా’ అని తేల్చేశారు. రాసినవారు ఆ ఆట ఒక్కసారైనా చూశారా?

ఆ ఆదివారం తెల్లపావులు చాంపియన్‌గా బరిలోకి దిగిన చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌వి. మంత్రి ముందరి బంటుతో మొదలుపెట్టి లండన్ సిస్టమ్ అనే ఆరంభ పద్ధతిలోకి దిగాడు. మొదటి 20 ఎత్తులూ నిమిషాల్లో ఆడేశాడు, అంత తయారై వచ్చాడు. అతన్ని సవాలు చేసిన మన గుకేశ్ గడియారంలో సమయం మాత్రం కరిగిపోతోంది. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా. డింగ్ అందుకు సిద్ధపడ్డాడు. స్కోరు సమంగా ఉంది, గుకేశ్ చేతిలో ఉన్నవి నల్లపావులు, స్థితి కూడా ఏమంత గొప్పగా లేదు. ఎవరైనా హమ్మయ్య అనుకుని ఒప్పుకునే సమయం. ఆ 18 ఏళ్ల కుర్రాడు 26వ ఎత్తులో మంత్రిని హెచ్4 గడిలోకి దూకించి, ఆడదాం రమ్మన్నాడు! ఆట 46 ఎత్తుల దాకా సాగింది. ఆ 26వ ఎత్తు మీ వార్తలో లేదు. 40 ఎత్తులు దాటకుండా డ్రాకు ఒప్పుకోకూడదన్న ఈ పోటీ నియమమూ రాయలేదు. మంగళవారం ఏడో ఆటలో 72 ఎత్తులు పోరాడినా మీ వార్తది మళ్లీ అదే తీరు.

1927 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాపాబ్లాంకా, అలెఖిన్ 34 ఆటలు ఆడితే 25 డ్రాలే. రెండు తప్ప అన్నీ ‘క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్’ అనే ఒకే ఆరంభంతో మొదలైనవే. చెస్ తెలిసినవాళ్లు వాటిని ఇప్పటికీ బోర్డు మీద పేర్చుకుని చూస్తారు.

క్రికెట్ పిచ్ మీద పచ్చిక ఎంతుందో రాయడానికి అరపేజీ దొరుకుతుంది, చెస్‌కి ఫొటో, స్కోరు చాలు. అధికారులూ అంతే. గెలిచొచ్చినవాళ్లకి శాలువా కప్పడానికి ముందుంటారు, పిల్లల పోటీలకి గాలాడే హాలు ఇవ్వమంటే కనపడరు. గడియారాలు కూడా పిల్లలే తెచ్చుకోవాలి. నాలుగు గంటలు కూర్చుని, ఓడిపోయే ఆటను డ్రా చేసుకుని బయటికొచ్చిన పిల్లని ‘ఏం, గెలవలేదా?’ అని అడిగే పెద్దలు ఎక్కడ తయారవుతున్నారు? ఇలాంటి వార్తలు చదివే కదా!

మిగిలిన ఆటలకైనా ఎత్తులన్నీ అచ్చువేయండి. చెస్ తెలిసినవారి చేత రాయించండి. పేలవమో కాదో పాఠకులే చూసుకుంటారు.

— ఒక పాఠకుడు