మునిసిపల్ బడ్జెట్ చదవకుండా పట్టణ పాలనలో డిగ్రీ ఇవ్వొద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. డిగ్రీ ప్రవేశాలు మొదలయ్యాయంటే కాలేజీ గోడల నిండా డేటా సైన్స్, ఏఐ, డిజిటల్ మార్కెటింగ్ ఫ్లెక్సీలే. తెలంగాణలో 2011 జనాభా లెక్కల నాటికే 38 శాతానికి పైగా జనం పట్టణాల్లో ఉన్నారు. ఆంధ్రలోనూ పట్టణాలు పక్క పల్లెలను కలుపుకుంటూ పోతున్నాయి. వీటిని నడిపే చదువు మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా కనిపించదు. పట్టణ, ప్రజా వ్యవహారాల్లో మూడేళ్ల డిగ్రీ ఒకటి ఉండాలన్నది నా కోరిక. అయితే పాత బీఏకి కొత్త పేరు తగిలించేటట్లయితే ఆ కోర్సు రాకపోవడమే మంచిది. పట్టా చేతికి రావాలంటే విద్యార్థి ఏమేం చేసి చూపించాలో ముందు తేల్చండి, కోర్సు పేరు తర్వాత పెట్టుకోవచ్చు. మునిసిపల్ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఆ వైపు నుంచే నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. గ్రూప్-2 నెగ్గితే గ్రేడ్-3 మునిసిపల్ కమిషనర్ కావచ్చు. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. పరీక్ష కోసం శాతవాహనుల దగ్గర నుంచి పంచవర్ష ప్రణాళికల దాకా అన్నీ చదువుతారు. ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసుండే డిమాండ్ రిజిస్టర్ ఎలా ఉంటుందో మాత్రం కుర్చీలో కూర్చున్నాకే చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలైనప్పుడూ ఇదే కథ. వార్డు అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీ ఉద్యోగానికి ఏదో ఒక డిగ్రీ అడిగారు. వచ్చిన పిల్లలు తెలివైనవాళ్లే, చాలామంది కొద్ది నెలల్లో పని పట్టేశారు. కానీ ఆ పని నేర్చుకున్నది జనం ఫైళ్ల మీద. ఆస్తి రికార్డుల్లో యజమాని పేరు మార్చే మ్యుటేషన్ దరఖాస్తు పెట్టి సచివాలయం చుట్టూ తిరిగినవాళ్లను అడిగితే ఆ నేర్చుకోవడం ఖరీదెంతో చెబుతారు.

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఉంది కదా అంటారు. ఉంది. బీఏలో ఎకనామిక్స్‌తోనో హిస్టరీతోనో పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ కలిపిన ఇ.పి.పి., హెచ్.పి.పి. గ్రూపుల్లో మూడో వంతు అదే. అందులో మునిసిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చి, వాటికి అప్పగించదగ్గ పనులను 12వ షెడ్యూల్‌లో చేర్చిన 74వ రాజ్యాంగ సవరణ ఒక పాఠం. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, 12వ షెడ్యూల్‌లో 18 అంశాలున్నాయి అని రాస్తే మార్కులు పడతాయి. ఆ 18లో మన ఊరి మునిసిపాలిటీ చేతికి నిజంగా వచ్చినవి ఎన్ని అని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. మంచినీళ్లు, అగ్నిమాపక సేవలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్‌లో నీళ్ల వ్యవహారం 1989 నుంచి వాటర్ బోర్డు చూస్తోంది. ఫైర్ సర్వీస్ రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ శాఖే. ఎన్నికల సంగతీ అంతే. ఐదేళ్లకోసారి జరగాలని రాజ్యాంగం చెబుతోంది. విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగితే మళ్లీ 2021లో జరిగాయి. ఆ మధ్యలో పాలకవర్గం లేని తొమ్మిదేళ్లు నగరాన్ని ఎవరు, ఏ అధికారంతో నడిపారు? పిల్లలు తవ్వి రాయాల్సిన ప్రాజెక్టు ఇది.

కోర్సుకి చోటు లేదన్న సాకు చెల్లదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మూడేళ్లలో మేజర్ సబ్జెక్టుకే 60 దాకా వస్తాయి. ఇది తక్కువేం కాదు.

నేను పెట్టే మొదటి షరతు బడ్జెట్. తన జిల్లాలోని ఏదో ఒక మునిసిపాలిటీ బడ్జెట్ పుస్తకం, దాని పక్కనే అంతకుముందు రెండేళ్ల వార్షిక లెక్కలు ముందు పెట్టుకుని, సొంత ఆదాయం ఎంత, గ్రాంట్లు ఎంత, జీతాలకు ఎంత పోతోంది, వీధి దీపాలకూ నీళ్ల మోటార్లకూ కరెంటు బిల్లు ఎంతవుతోంది అన్నది విద్యార్థి తన చేత్తో తేల్చాలి. చాలా చోట్ల జరిగేదేమిటంటే, ఆస్తి పన్ను పాత బకాయిలన్నీ ఈ ఏడాదే వసూలైపోతాయని అంచనాల్లో రాసుకుంటారు. కోర్టులో ఉన్నవి, ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లవి, ప్రభుత్వ కార్యాలయాలు కట్టాల్సినవి అన్నీ అందులోనే. ఆ కాగితం ఆదాయాన్ని నమ్ముకుని రోడ్లకూ కాలువలకూ కౌన్సిల్ తీర్మానాలు అయిపోతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాంట్రాక్టర్లు బిల్లుల కోసం మా సెక్షన్ ముందు కూర్చునేవారు. కౌన్సిల్ సమావేశంలో బడ్జెట్ పుస్తకం పంచిన అరగంటకే ఆమోదించామని చప్పట్లు కొట్టడం కూడా చూశాను. ఆ అంకెల వెనక ఏముందో చదవగలిగిన కుర్రాడో అమ్మాయో రేపు కౌన్సిలరైనా, విలేకరైనా, గుమస్తాగా చేరినా ఊరికి లాభమే.

లెక్కలంటే బీకాం వాళ్ల పని అనుకోవద్దు. మునిసిపాలిటీలు ప్రతి లావాదేవీనీ రెండు వైపులా రాసే డబుల్ ఎంట్రీ పద్ధతిలోకి మారాలని జాతీయ మునిసిపల్ అకౌంట్స్ మాన్యువల్ 2004లోనే వచ్చింది. 2018లో హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 200 కోట్ల రూపాయల బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మింది, అదే ఏడాది విశాఖ 80 కోట్లు తెచ్చుకుంది. ఆడిట్ అయిన లెక్కలు, అప్పు తీర్చే సత్తాకిచ్చే రేటింగ్ లేకుండా ఆ అప్పు పుట్టదు. ఆ అప్పు తీర్చేది నగర ప్రజలు. అది మంచి అప్పో చెడ్డ అప్పో చెప్పగలవాళ్లు ఊరికి పదిమందైనా ఉండొద్దా?

ఇంటి పన్ను లెక్క వేయడం రెండో షరతు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అద్దె విలువ పద్ధతి తీసేసి స్థిరాస్తి మూలధన విలువ మీద పన్ను వేయడం మొదలుపెట్టారు. ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్నారు. అప్పుడు ఊరూరా గొడవలు జరిగాయి. వ్యతిరేకించిన వాళ్లలోనూ సమర్థించిన వాళ్లలోనూ ఒక ఇంటి పన్ను కాగితం మీద వేసి చూపించగలిగినవాళ్లు ఎంతమంది? తన ఇంటికి పాత పద్ధతిలో ఎంత, కొత్త పద్ధతిలో ఎంత అని విద్యార్థి లెక్కగట్టి, ఆ తర్వాత ఏది న్యాయమో వాదించాలి.

ఇక ఇంటర్న్‌షిప్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేరుకి ఇది మనకు ఎప్పుడో వచ్చింది. 2020-21లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. ఆలోచన చాలా మంచిది. ఆచరణలో ఏమవుతోందో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. సీనియర్ రికార్డు చూసి కాపీ కొట్టడం, జిరాక్స్ షాపులో రిపోర్టు బైండింగ్ చేయించడం, తెలిసినవాళ్ల సంస్థ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవడం. మా బంధువులమ్మాయి కాలేజీలో వార్డు సర్వే ప్రశ్నావళిని హాస్టల్ గదిలోనే నింపేశారట. నిజంగా వార్డుకి వెళ్లిన పిల్లలకూ, గదిలో నింపినవాళ్లకూ ఒకటే మార్కులు పడ్డాయని ఆ పిల్ల బాధ.

అందుకని ఈ డిగ్రీలో ఇంటర్న్‌షిప్ అంటే నిర్ణీతమైన పని ఉండాలి. ఒక విద్యార్థికి ఒక వార్డు. ఉదయం ఐదున్నరకి మస్తరు (హాజరు) పడేటప్పుడు శానిటేషన్ సిబ్బందితో ఉండాలి, చెత్త బండి వెనక డంపింగ్ యార్డు దాకా వెళ్లాలి. కుళాయి ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తోందో వీధి వారీగా రాయాలి. ఒక ఫిర్యాదుని, అది జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో పడ్డదైనా సరే, పెట్టిన రోజు నుంచి మూసేసిన రోజు వరకూ వెంబడించాలి. మూసేశారంటే పరిష్కారమైందని కాదు, ఆ తేడా కూడా రాయాలి. చివరికి ఆ నివేదికను లెక్చరర్ ముందు కాదు, ఆ వార్డు జనం ముందు తెలుగులో చదవాలి. తెలంగాణ 2019 చట్టంలో ఒక్కో వార్డుకి యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలన్నారు. అవి కూర్చునే చోట చదివితే కమిటీలకూ కాస్త పని దొరుకుతుంది. తప్పు రాస్తే అక్కడే ఎవరో ఒకరు లేచి చెబుతారు. కాపీ రిపోర్టు అక్కడ నిలవదు.

తెలుగు అని ఎందుకు నొక్కుతున్నానంటే, 2021-22లో ఆంధ్రలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం చేశారు. పాఠాలు ఏ భాషలో చెప్పినా సరే, నోటీసు, కౌన్సిల్ తీర్మానం, అర్జీకి జవాబు, ఈ మూడూ చదివినవాడికి అర్థమయ్యే తెలుగులో రాయడం రాకుండా పట్టా ఇవ్వకూడదు. మా ఆఫీసుల్లో పుట్టే ‘తదుపరి చర్య నిమిత్తం సమర్పించడమైనది’ భాష నేనూ పేజీలకు పేజీలు రాశాను లెండి.

చట్టాలు చెప్పాలి, గణాంకాలు చెప్పాలి, కంప్యూటర్ మీద మ్యాపులు వేయడం నేర్పాలి. వీటి మీద పెద్దగా తగాదా ఉండదు. అయితే ఏ శాఖ పాఠం ఆ శాఖకి విడిగా చెప్పేసి ఊరుకోవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. వాగు జలవనరుల శాఖ కింద ఉంటుంది. భూమి రికార్డులు రెవెన్యూ వాళ్ల దగ్గర ఉంటాయి. ఇంటి ప్లాన్ ఆమోదించేది, పన్ను వసూలు చేసేది నగరపాలక సంస్థ. వాగు ఇరుకైపోతుంటే ఆపాల్సింది ఎవరు అని అడిగితే ముగ్గురూ ఎదుటివాళ్ల వైపు చూపిస్తారు. ఒక సెమిస్టర్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద పెట్టినా దండగ కాదు.

ప్రవేశానికి ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకే ఈ చదువు ముందుగా అందాలి. భవనాలు, లేఔట్ల డిజైన్ కావాలనుకునేవాళ్లకు విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ)లోనూ, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లోనూ ప్లానింగ్ డిగ్రీలు ఉన్నాయి. అది వేరే పని.

చివరగా ఉద్యోగం సంగతి. తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న అదే, అడగడంలో తప్పు లేదు. ఈ డిగ్రీ ఉన్నవాళ్లకే ఉద్యోగాలని రిజర్వు చేయమనను, అది ఇంకో గేటు కట్టినట్టవుతుంది. వార్డు పోస్టుల నోటిఫికేషన్‌లో ఈ డిగ్రీకి వెయిటేజీ ఇచ్చి, గ్రూప్-2లో మునిసిపల్ పాలన మీద కొన్ని మార్కులు పెడితే పిల్లలు వాళ్లే వస్తారు. కష్టమంతా పాఠం చెప్పేవాళ్లతో. డిమాండ్ రిజిస్టర్ చూడని లెక్చరర్ దాన్ని ఎలా నేర్పుతారు? ఉస్మానియాలో 1970 నుంచి పట్టణ, పర్యావరణ అధ్యయనాల ప్రాంతీయ కేంద్రం నడుస్తోంది. హైదరాబాద్ బెల్లావిస్టాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా (ఆస్కీ) ఉంది. వీళ్లంతా ఉద్యోగంలో ఉన్న అధికారులకు శిక్షణ ఇస్తున్నారు. ఆ శిక్షణలో సగం సీట్లు రెండేళ్లపాటు డిగ్రీ లెక్చరర్లకు ఇవ్వాలని రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. సిలబస్ కమిటీ వేసినప్పుడు ప్రొఫెసర్లతో పాటు ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ను, ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను, మాజీ కౌన్సిలర్ ఒకరిని కూడా కూర్చోబెట్టండి. టీఏ, డీఏ ఇస్తే చాలు, వస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి,
తెనాలి