నజారా షేరు కొనాలనుకునే వారికి

పర్లాకిమిడి మిత్రులకు నమస్కారం. నిన్న టీ కొట్టు దగ్గర సగంలో ఆగిన మాట ఇది. 2025 సెప్టెంబరులో ఆటల కంపెనీ నజారా షేరు ధర నాలుగో వంతుకు దిగినట్టు పాత లెక్కల్లో కనిపిస్తే, చవకైందని మురిసిపోకండి. 4 రూపాయల ముఖ విలువ (షేరు మీద రాసి ఉండే విలువ) ఉన్న ఒక్కో షేరును 2 రూపాయల షేర్లు రెండుగా విడగొట్టి, ఆపై ఒక్కో షేరుకు ఇంకొకటి ఉచితంగా, అంటే బోనస్‌గా, ఇచ్చారు. అలా ఒక షేరు నాలుగైంది. బెల్లం అచ్చును నాలుగు ముక్కలు చేస్తే తూకం పెరుగుతుందా?

అసలు చూడవలసింది డబ్బు పెట్టి పేకాట ఆడించిన ఆన్‌లైన్ వేదిక పోకర్‌బాజీ మాతృసంస్థలో నజారా పెట్టిన పెట్టుబడి. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను పార్లమెంటు నిషేధించింది. ఆ సొమ్ములో ఎంత నష్టంగా రాసుకున్నారో వార్షిక నివేదికలో వెతకండి. లాభంలో ఆటల రాబడి ఎంతో, ఇతర కంపెనీల్లో వాటాలు అమ్మగా వచ్చింది ఎంతో విడదీయండి. మా తమ్ముడైతే ఆట బాగుంది కాబట్టి షేరు కొంటానంటున్నాడు! ఆదివారం నివేదిక ప్రతి తెస్తాను, కళ్లజోళ్లు మరచిపోకండి.