ఆ గోధుమరంగు మరక కాదు

సంపాదకులకు,

ఆదివారం పిల్లల పేజీలో ఇంగ్లీషు చిత్రకారుడు ఆర్థర్ రాక్‌హామ్ (1867–1939) అద్భుత కథల బొమ్మలు వేసినందుకు సంతోషం. కాకపోతే పాత కాగితం మురికి అనుకున్నారో ఏమో, వాటిని కంప్యూటర్లో తోమి తెల్లగా చేసేశారు. ఆ గోధుమ ఛాయ ఏళ్లు గడిచి పట్టింది కాదు, ఆయన కుంచెతో వేసిందే.

ఆయన ముందు పెన్సిల్‌తో లేతగా గీసుకుని, దానిమీద ఇండియన్ ఇంకు అనే చిక్కటి నల్ల సిరాతో పాళీ గీత వేసేవారు. ఇంకు ఆరాక పెన్సిల్ చెరిపేసి, బాగా పలచన చేసిన నీటిరంగు ఒక పూత. అది ఆరాక మరొకటి. ఆకాశమూ చెట్టు బెరడూ మనిషి చెంపా ఆ మట్టిరంగులోంచే పైకి తేలతాయి. దాన్ని తీసేస్తే నల్లగీతల మధ్య వెలవెలబోయే రంగులే మిగులుతాయి.

ఇందులో అచ్చుపని కిటుకు కూడా ఉంది. 1905లో రిప్ వాన్ వింకిల్ కథ పుస్తకానికి వేసిన 51 రంగుల బొమ్మలను పసుపు, ఎరుపు, నీలం బ్లాకులతో ఒకదానిమీద ఒకటి అచ్చొత్తారు. బ్లాకు వెంట్రుకవాసి జరిగినా రంగు గీత దాటుతుంది. మసకరంగు మీద, ముదురు గీత పక్కన ఆ తేడా కంటికి ఆనదు. ఈ అచ్చులో రంగు సన్నటి చుక్కలుగా పడుతుంది, ఆ చుక్కలు నునుపు కాగితం మీదే నిలుస్తాయి కనుక బొమ్మలు విడిగా అచ్చువేసి పుస్తకంలో అంటించేవారు.

పత్రికలు అచ్చేసే న్యూస్‌ప్రింట్ కాగితం ఇంకు పీల్చేస్తుంది, చుక్క ఉబ్బుతుంది. అందుకే మీ పేజీకి ఆయన 1919 నాటి సిండ్రెల్లా, 1920 నాటి స్లీపింగ్ బ్యూటీ పుస్తకాల్లోని నీడ బొమ్మలు, అంటే నల్లటి ఆకారాలుగా వేసినవి, నప్పుతాయి. గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయలతో) కాక లైన్ ఆర్ట్‌గా (నలుపు, తెలుపు మాత్రమే), అంగుళానికి 1200 చుక్కల (డీపీఐ) చొప్పున స్కాన్ చేయించండి, లేకుంటే అంచులు పొడి రాలినట్టు వస్తాయి. నలుపు వెనక పేజీకి తేలుతుంది. అక్కడ ప్రకటన వేసుకోండి, ప్రకటన ఇచ్చినవారు ఊరుకుంటే!

నీడ బొమ్మలో ముక్కు, వేళ్లు, గడ్డం బయటి అంచుకు రావాలి. చెయ్యి ఒంటిమీద పడిందా, మాయమే. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులకు ఇది చెప్పక్కర్లేదు. అయితే వాళ్ల మేకతోలు బొమ్మలో వెలుగు రంగుల్లోంచి దూరుతుంది, నగల చోట బెజ్జాలుంటాయి. రాక్‌హామ్‌కు దాదాపు అంచే ఆధారం.

పిల్లలకు ఇదే తీరులో పోటీ పెడుతున్నారు కనుక ఇంకో మాట. అనంతపురం ఎండలకు నీటిరంగు పూత, కాగితం చివరికి చేరేలోపే ఆరి చారలు కడుతుంది. రంగు ముందే గిన్నెలో సరిపడా కలిపి, కాగితం సమంగా తడిపి, బల్ల కాస్త వాల్చి పైనుంచి కిందికి లాగాలి. ఫ్యాన్ ఆపాలి. ఫౌంటెన్ పెన్ ఇంకు తడి తగలగానే పాకుతుంది. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకే వాడాలి. గరుకు కాగితం పీచు పాళీకి చిక్కి మరకలు పడతాయి, నున్నటిదే మేలు. నిబంధనల్లో కాగితం సైజు ఇచ్చారు గానీ మందం ఇవ్వలేదు: 200 జీఎస్ఎంకు (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) తగ్గితే రెండో పూతకే ఉబ్బి ముడతలు పడుతుంది.

– ఒక డ్రాయింగ్ మాస్టారు, అనంతపురం