20 మందికి పాస్తా అన్నావ్, ఇంకేం చెప్పలేదు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి నీ మెసేజ్ చూశా. 19 రోజుల తర్వాత వచ్చిన మెసేజ్‌లో ఒక్కటే లైను, "నాన్నా 20 మందికి బేక్డ్ పాస్తా చెయ్యాలంటే ఎంత పాస్తా పడుతుంది" అని. బాగున్నావో లేదో, తిన్నావో లేదో ఏం లేదు. సర్లే, అడిగావు కదా చెప్తా. పిన్ని ఏదో అన్న సంగతి తర్వాత చూద్దాం.

కేజీ పాస్తా తీస్కో, పక్కన సలాడ్, బ్రెడ్ ఉంటే సరిపోతుంది, లేకపోతే ఇంకో పావుకేజీ కలుపు. పెన్నే గానీ జిటీ గానీ అయితే మంచిది, గొట్టాల్లోకి సాస్ దూరుతుంది. రెండు ట్రేలు కావాలి, 9 బై 13 అంగుళాలవి, ఒక్కోదాన్లో అరకేజీ పాస్తా పడుతుంది. ఒకటే పెద్ద గిన్నెలో వెయ్యకు. ఎందుకో కింద చెప్తా, నీకూ గుర్తుండే ఉంటుంది.

సాస్ ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకో. 800 గ్రాముల టమాటా డబ్బాలు మూడు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, మాంసం కీమా వేస్తావో మష్రూమ్స్ వేస్తావో నీ ఇష్టం. మష్రూమ్స్ అయితే ముందు విడిగా వేయించి నీరంతా ఇగిరిపోయాకే సాస్‌లో కలుపు. సాస్ మామూలు కంటే పల్చగా ఉండాలమ్మా, ఓవెన్లో పాస్తా ఇంకా పీల్చుకుంటుంది, పైనుంచి చూస్తే "అయ్యో ఎక్కువైందే" అనిపించాలి, అదే సరైన లెక్క. పాస్తా మాత్రం ప్యాకెట్ మీద రాసిన టైం కంటే రెండు మూడు నిమిషాలు ముందే దించెయ్. కొరికితే మధ్యలో చిన్న తెల్ల చుక్క కనపడాలి. లీటరు నీళ్ళకి 10 గ్రాముల ఉప్పు, వార్చేముందు ఒక కప్పు ఆ నీళ్ళు తీసి పక్కన పెట్టు, అందులో గంజి ఉంటుంది, సాస్ బిగుసుకుంటే అదే పనికొస్తుంది. వార్చాక చన్నీళ్ళతో కడగకు.

ఇంతకీ 20 మంది అంటే ఎవరమ్మా? ఆఫీసు వాళ్ళేనా? పిన్ని ఏమందంటే నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని, వాళ్ళకి వీడ్కోలు భోజనం పెడుతున్నావని ఎవరో చెప్పారట. నేను నమ్మలేదు. మీ అమ్మ నమ్మింది, రాత్రి రెండింటికి లేచి కూర్చుంది. అడగట్లేదులే, నువ్వే చెప్తావ్.

చీజ్ సంగతి. తురిమిన ప్యాకెట్ కొనకు, ముక్కలు అంటుకోకుండా దాన్లో పొడి కలుపుతారు, సరిగ్గా కరగదు. మొజరెల్లా దిమ్మ కొని నువ్వే తురుముకో, రెండు ట్రేలకి కలిపి ఓ 800 గ్రాములు. నీళ్ళలో తేలే తాజా మొజరెల్లా వద్దు, ట్రే అంతా నీరు ఊరుతుంది. సగం మధ్య పొరలో, సగం పైన.

ఇప్పుడు ఆ గిన్నె సంగతి. పాత ఇంట్లో అన్నయ్య పుట్టినరోజు. అమ్మమ్మ ఇచ్చిన ఆ లోతు గిన్నె ఉంది చూడు, కేజీ పాస్తా మొత్తం దాన్లోనే కుక్కేశా, రెండు ట్రేలు ఎందుకులే అని. నీకప్పుడు తొమ్మిదేళ్ళు. గంటసేపు ఓవెన్ అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తూనే ఉన్నావు, "నాన్నా బుడగలొచ్చాయ్, నాన్నా అంచు ఎర్రబడింది" అని కబుర్లు చెప్తూ. పైన చీజ్ మంచి బంగారు రంగు వచ్చింది, అయిపోయిందనుకుని తీసేశా. మొదటి గరిటె నీకే పెట్టా. నువ్వు ఒక ముద్ద తిని నన్ను చూసి నవ్వి తల వంచుకుని తింటూనే ఉన్నావు. తర్వాత బాబాయి నోట్లో పెట్టుకుని "అన్నయ్యా లోపల చల్లగా ఉంది" అన్నాడు. చూస్తే నడుమంతా చల్లగానే ఉంది, సాస్ ఫ్రిజ్‌లోంచి తీసినట్టే గడ్డగా ఉంది. మళ్ళీ అంతా రెండు ట్రేల్లోకి తీసి, వేడి సాస్ పోసి, ఫాయిల్ కప్పి పెడితే ఇంకో అరగంట పట్టింది, వచ్చినవాళ్ళు ఆకలితో కూర్చున్నారు. రాత్రి నిన్ను పడుకోబెడుతూ అడిగా, నీకు ముందే తెల్సు కదా ఎందుకు చెప్పలేదు అని. "నువ్వు బాధపడతావని నాన్నా" అన్నావు.

ఆ మాట నేను మర్చిపోలేదమ్మా. అందుకే నువ్వు 19 రోజులు మాట్లాడకపోతే నాకు నిద్రపట్టదు.

ఉద్యోగం మానెయ్యాలనిపిస్తే మానెయ్, తప్పులేదు. కానీ చేతిలో ఆరు నెలల ఖర్చుకి డబ్బు ఉంచుకుని మానెయ్, కోపంలో కాగితం ఇవ్వకు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుందో కనుక్కో, అన్నయ్యకైనా ఒక మాట చెప్పు... వద్దనుకుంటూనే లెక్చర్ మొదలెట్టేశా. పాస్తాకే వస్తా.

ఓవెన్ 190 డిగ్రీలు. ముందు ఫాయిల్ కప్పి 25 నిమిషాలు, ఫాయిల్ లోపలివైపు నూనె రాయి, లేకపోతే చీజ్ మొత్తం దానికే అంటుకొస్తుంది. తర్వాత ఫాయిల్ తీసి 15 నిమిషాలు. రెండు ట్రేలు ఒకేసారి పెడితే మధ్యలో పైది కిందికి, కిందిది పైకి మార్చు, ఇంకో పది నిమిషాలు పట్టినా కంగారుపడకు. ట్రేలు సర్ది ముందురోజే ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఫాయిల్‌తో ఇంకో 20 నిమిషాలు. గాజు ట్రే అయితే చల్లగా ఉన్నది వేడి ఓవెన్లో పెట్టకు, పగిలిపోతుంది, చేతులు జాగ్రత్త. అయ్యిందో లేదో పై రంగు చూసి చెప్పకు, సరిగ్గా నడుమ కత్తి దించి పది సెకన్లు ఉంచి తీసి ముట్టుకో, కత్తి కాలాలి. థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు. తీశాక 15 నిమిషాలు కదపకు, అప్పుడే ముక్కలుగా వస్తుంది. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్.

అందరికీ వడ్డిస్తూ నువ్వు తినకుండా ఉంటావు, నాకు తెల్సు. ఒక మూల ముక్క, అంచు కరకరలాడేది, ముందే నీ ప్లేట్లో తీసి పెట్టుకో.

శనివారం నీళ్ళు స్టవ్ మీద పెట్టగానే ఫోన్ చెయ్, మరిగేదాకా పది నిమిషాలు ఖాళీయే కదా. అమ్మ ఎత్తితే ముందు పాస్తా గురించే మాట్లాడు, తర్వాత ఫోన్ నాకిమ్మను.

నాన్న