కొండ మీది చరిత్ర, కోర్టులో పొలం గట్టు

సంపాదకులకు నమస్కారం.

మా ఉదయగిరి దుర్గం మీద గుళ్లూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి. ఎవరిది ముందు, ఎవరు ఏది కూల్చారు అని ఈ మధ్య టీ కొట్టు దగ్గర ఒకటే వాదన. 1514లో కృష్ణదేవరాయలు ఈ కోటను ఒడిశా గజపతి రాజుల నుంచి గెలిచి, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. గెలిచిన రాజూ, ఓడిన రాజూ విష్ణుభక్తులే. ఈ ముక్క చెబితే కుర్రాళ్లు వినరు, నాకు బాధేస్తుంది. అయిదొందల ఏళ్ల నాటి తగాదా మీద గంటలు గడిపే మేము, ఇప్పుడు కోర్టుల్లో నలుగుతున్న వాటి గురించి ఎవరినీ గట్టిగా అడగం.

మా నాన్న పొలం గట్టు కోసం 2005లో వేసిన దావా ఇంకా తేలలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. వారసులుగా మమ్మల్ని చేర్చడానికే రెండేళ్లు పట్టింది. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని సివిల్ దావాల విచారణ పద్ధతి చెప్పే చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరులో ఉంది. మా వాయిదాలను అమ్మ క్యాలెండర్ల మీద సున్నాలు చుట్టి దాచింది. అవి సంచి నిండాయి.

సర్వేయరు కొలతల నివేదిక వస్తే సగం తేలుతుంది. అది ఎప్పుడిస్తారో ఒక తేదీ చెప్పమని అడుగుతున్నాను. అమ్మకు 78 ఏళ్లు.

– ఒక మెట్ట రైతు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా